మొలక కట్టిన నీళ్ళు

ఎర్రగుట్ట,
21-5-2001

బయ్యన్నా,

స్వామి దయవల్ల ఈడ అందరమూ లేచి తిరుగుతాండాము. నువ్వూ హేమా పిల్లలూ బాగుండాలని శనివారం మురడి ఆంజనేయస్వామి గుడికి పోయి టెంకాయ కొట్టి వచ్చినాను.

మాఘంలో నువ్వు వేయించిన బోరు బాగా పోస్తాండాది. ఊరంతా దానికే వస్తాండారు. మన పాత బావిలో ఉగాదికే కప్పలు కూడా లేకుండా పోయినాయి. బోరు లేకుంటే ఈ ఎండలకు ఊరు విడవాల్సి వచ్చేది. నీళ్ళు కొంచెం ఉప్పు తగులుతాయి. కందిపప్పు ఎంత మంట పెట్టినా పలుకుగానే ఉంటాది. "మీ తమ్ముడు బోరు వేయించినాడు సరే, పప్పు ఉడికించే మిషను గూడా పంపమను" అని పక్కింటి గంగక్క నవ్వుతాది. దాహం తీరుతాండాది. అది చాలు.

ఒక మాట చెప్పాల. రోహిణి కార్తె వస్తాంది కదా, ఖాసిం ఇంటి అటక మీదనుంచి మన వేరుశనగ విత్తనకాయల మూటలు తెప్పించినాను. కొన్ని ఒలిచి, ఎప్పటిమాదిరే తడిగుడ్డలో మొలక కట్టినాను. మొలవలేదు. ఆడొకటి ఈడొకటి ముక్కు తెరిచినాయి. మిగిలినవి మెత్తబడి వాసన కొట్టినాయి. ఇంకోసారి కట్టినాను. అంతే.

గింజ చూస్తే నిండుగా ఉండాది. పుచ్చు లేదు, ముడత లేదు. ఎందుకిట్లయిందో తెలియలేదు. నాయన కాలంనుంచి అంగడి విత్తనం మన మడి తొక్కలేదు. అందుకే నీ చెవిన వేస్తాండాను. గాభరా పడొద్దు.

విత్తే ముందర అమ్మ పెట్టినట్టే స్వామి పటం కింద ఒక గుప్పెడు గింజలు తడిగుడ్డ కప్పి పెట్టినాను. ఆయన చూసుకుంటాడు.

అక్క
సుబ్బలక్ష్మమ్మ


వాడి జంక్షన్, రైల్వే క్వార్టర్సు,
29-5-2001

అక్కా,

నీ జాబు డ్యూటీ దిగి వచ్చి బూట్లు గూడా విప్పకుండా చదివినా. చదివినాక అన్నం ముట్టలేదు. హేమ బెదిరిపోయి "ఎవరన్నా పోయినారా?" అని అడిగింది. "విత్తనం పోయింది" అన్నా. ఆమెకు అర్థం కాలేదు. పట్నంలో పుట్టినామె, కాయలు అంగట్లోనే కాస్తాయనుకుంటాది.

నీకు ఎందుకో తెలియలేదంటావు. నాకు ఈ బండరాళ్ళ ఊర్లో కూచోనుంటేనే తెలిసిపోయింది. నాయనా, ఖాసిం వాళ్ళ నాయనా పెట్టిన కట్టు ఏంది? కరువులో ఎవరి విత్తనం వాళ్ళింట్లో ఉంటే ఆకలికి ఆగలేక వండుకొని తింటారని, మనది వాళ్ళ అటక మీద, వాళ్ళది మన అటక మీద. "తన గింజ తినడానికి చెయ్యి వస్తాది గానీ, పక్కింటోని గింజ తినడానికి రాదురా" అనేవాడు నాయన. ఆయన కాలంలో రాలేదు. ఇప్పుడు వచ్చింది. అంతే తేడా.

ఉట్టిమాట కాదు. హేమ వాళ్ళన్న కండ్లారా చూసినాడు. మాఘమాసంలో ఖాసిం బండి నిండా మూటలేసుకొని రాయదుర్గం దోవలో బసప్ప నూనె మిల్లు కాడ నిలబడినాడంట. మన మంచికాయ గానుగలోకి పోయింది. ఎప్పటిదో పాతకాయ మన మూటల్లోకి వచ్చింది. ఇంక మొలవమంటే ఎట్ల మొలుస్తాది?

నువ్వు అడగవు. నాకు తెలుసు. "అక్కా" అని ఒక పిలుపు పిలిస్తే మజ్జిగ చేతికిచ్చి పంపుతావు. అందుకే నేనే ఖాసింకు ఒక కార్డు రాసి డబ్బాలో పడేసినా. రెండే మాటలు, కానీ కడుపులో దిగేటట్టు రాసినా.

నువ్వు చేయాల్సింది ఇది. ఆ చచ్చిన కాయ బసప్పకు నూనెకు అమ్మెయ్. మండలాఫీసు కాడ ఇచ్చే విత్తనం తెచ్చుకో. వాళ్ళ మూటలు మన అటక మీదనే ఉండాయి కదా. వాడు నోరు తెరిచి ఒప్పుకునే దాకా దించొద్దు.

బోరు బాగా పోస్తాందని రాసినావే, ఆ ఒక్కటీ నా ప్రాణానికి సుఖంగా ఉండాది. రోజూ పట్టాల వెంబడి నడిచేటప్పుడు దాన్నే తలుచుకుంటా. నీళ్ళు చూపించేటోడు టెంకాయ అరచేతిలో పెట్టుకొని నడుస్తాంటే అది నిలువుగా లేచిన చోటు నా కండ్లలోనే ఉండాది. పప్పు ఉడకకపోతే గంగక్కను ఇంకో కట్టె ఎక్కువ పెట్టమను.

నీ తమ్ముడు
బయ్యన్న


ఎర్రగుట్ట,
8-6-2001

బయ్యన్నా,

స్వామి నీకు నిదానం ఇవ్వాల. మొదట అదే మొక్కుకున్నాను.

నువ్వు రాసింది కార్డు. కవరు కాదు. పోస్టు ఎర్రన్న గుమ్మఘట్టనుంచి వస్తా దోవలో ఆగిన చోటల్లా చదివి వినిపించినాడు. ఖాసిం చేతికి అందేసరికి ఊర్లో తెలియనిది ఖాసింకు ఒక్కడికే. ఖాసిం పెండ్లాం షాజాదీ బోరు కాడికి బిందె తీసుకొని పోతే, "దోవ ఇయ్యండమ్మా, కాయల యాపారమ్మ వచ్చింది" అని ఎవరో అన్నారంట. ఒట్టి బిందెతో తిరిగి వచ్చింది.

ఖాసిం నా దగ్గరికి వచ్చినాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లో నిలబడి కార్డు చాచినాడు.

"అక్కా, చదువు."

"విన్నాను."

"నువ్వు రాయించినావా?"

"విత్తనం మొలవలేదని రాసినాను. అంతే."

"మొలవలేదని వాడీకి రాసినావు. పక్క వీధిలో ఉండే నాకు చెప్పలేకపోతివా?"

ఆయన అడిగింది న్యాయం.

కార్డు మడిచి అన్నాడు, "సరే. నా విత్తనం నీ అటక మీద ఉండాది కదా. ఒక మూట దించు. నేనూ కట్టి చూస్తా. మొలిస్తే నువ్వు మంచిదానివి, నేను చెడ్డోణ్ణి. ఊరు గూడా చూడనీ."

దించినాను. అందరి ముందరే ఒలిచినాము. మన కడవలో నీళ్ళతోనే తడిపి, మన అరుగు మీదనే కట్టినాము. నాగులకట్టకు మొక్కినట్టు రోజూ ఎవరో ఒకరు వచ్చి తొంగిచూసి పోయినారు. విప్పితే ఆయనవీ అంతే. మెత్తబడి, కంపు.

ఖాసిం అప్పుడు మొదటిసారి అరుగు మీద కూచున్నాడు. నవ్వినాడు. "ఏమక్కా, నువ్వు గూడా నా కాయ బసప్పకు పోసినావా?"

గంగక్క మూతి మీద చెయ్యి పెట్టుకొని, "ఇద్దరు దొంగలూ ఒకరింటికొకరు కన్నమేసుకున్నట్టుంది కదమ్మా!" అనింది. అందరూ నవ్వినారు. ఆయన దొంగయితే నేనూ దొంగనే బయ్యన్నా.

మిల్లు కాడ మూటలంటావా, ఆయన ఎద్దుల మేతకు గానుగచెక్క తెచ్చుకున్నాడు. పోయింది ఖాళీ బండి. చెక్క మూటలతో తిరిగి వచ్చేది హేమ వాళ్ళన్న చూసినాడు.

ఇంకొకటి జరిగింది. స్వామి ముందర పెట్టిన గుప్పెడు మొలిచింది. ఒక్క గింజ తప్పకుండా మొలిచింది. అదే మూటలోవి.

గంగక్క చూసి కేక పెట్టింది. కర్పూరాలు వచ్చినాయి, టెంకాయలు వచ్చినాయి. చచ్చిన గింజకు స్వామి ప్రాణం పోసినాడన్నారు. సుబ్బలక్ష్మమ్మ సొమ్ము ఎవరు తిన్నారో స్వామికి తెలుసన్నారు. బసప్ప గూడా వచ్చి దండం పెట్టి, "మిగిలిన మూటలు మాత్రం నూనెకే గదక్కా, రేటు చెప్పు" అన్నాడు. ఊర్లో చాలామంది మొలక కట్టి చూసి, రాలేదని అప్పటికే ఆయనకు అమ్ముకున్నారు.

నేను అందరినీ ఇంటికి పొమ్మన్నాను. నాకు స్వామి మీద నమ్మకం ఉండాది. ఉండబట్టే ఒప్పుకోలేదు. నా గుప్పెడు గింజలు మొలిపించి ఖాసింను దొంగను చేసే దేవుడు కాదు ఆయన. దీంట్లో వేరే ఏదో ఉండాది. అది తెలిసేదాకా మూట అమ్మను. ఇంకో విత్తనం కొనను.

అక్క
సుబ్బలక్ష్మమ్మ


వాడి,
15-6-2001

అక్కా,

ఈసారి నీ జాబు చదివి ఏడ్చినా. సంతోషంతోనే ఏడ్చినా. మా గ్యాంగులో అందరికీ చెప్పినా. మా మేస్త్రీ కన్నడాయన, బూట్లు విప్పి మురడి దిక్కు తిరిగి దండం పెట్టినాడు. స్వామి ఇంత పచ్చిగా సాక్ష్యం చెప్పినాక ఇంకా ఏముండాది "వేరే ఏదో"?

నువ్వు మెత్తనిదానివి. నేను చెప్తా విను. ఖాసిం కాయ గూడా మొలవలేదంటావు. వాడు మంచి కాయ ముందే అమ్ముకొని, మన అటక మీద పెట్టేటప్పుడే పాతకాయ పెట్టినాడేమో! మూట కట్టినప్పుడు నువ్వు విప్పి చూసినావా? రెండు పక్కలా వాడే తిన్నాడు. చెక్క తెచ్చినాడంట. ఎవరు చెప్పినారు? వాడే కదా.

నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. నవ్వొద్దు. స్వామి గింజలకు పోసింది మన బోరు నీళ్ళే కదా. నా పి.ఎఫ్. దుడ్లు పెట్టి, మొక్కి, టెంకాయ కొట్టి తెచ్చిన గంగమ్మ. ఆ గంగమ్మ నీళ్ళు తాకినాయి కాబట్టే చచ్చిన గింజ గూడా లేచింది. బోరు కాడ ఒక చిన్న బండ నిలబెట్టి పసుపు పుయ్యి అక్కా. వచ్చే నెల జీతంలో బండకు దుడ్లు పంపుతా.

ఆ మొలిచిన గుప్పెడు గుడి మడిలో పెట్టు. మిగిలినవి బసప్పకే. వాన పడితే ఇంక సమయం ఉండదు. ఈసారన్నా నా మాట విను.

బయ్యన్న


ఎర్రగుట్ట,
23-6-2001

బయ్యన్నా,

స్వామి మనకు ఒకరి మాట ఒకరు వినే ఓపిక ఇవ్వాల.

నీతో ఒకటి చెప్పలేదు. నీ మనసు నొచ్చుకుంటాదని చెప్పలేదు. స్వామికి నేను బోరు నీళ్ళు పొయ్యను. ఇనుపగొట్టంలోంచి వచ్చిన నీళ్ళు అభిషేకానికి పనికిరావని అమ్మ అనేది. ఇంతకు ముందు పాత బావి నీళ్ళు పోసేదాన్ని. అది ఎండేటట్టుందని, పోయిన కార్తీకంలో పడిన వాన నీళ్ళు పందిరికి తెల్లగుడ్డ కట్టి పట్టుకున్నాను. జాడీలో మూసి పెట్టుకొని ఉద్ధరిణెడు ఉద్ధరిణెడుగా వాడతాను. స్వామి ముందర గింజల మీద గుడ్డ తడిపింది ఆ నీళ్ళతో.

నీ జాబు వచ్చిన రోజు పూజ అయినాక తీర్థం తీసుకున్నాను. ఆ నోటితోనే కడవలో నీళ్ళు తాగినాను. ఉప్పు నాలుకకు తగిలినప్పుడు తట్టింది.

షాజాదీని పిలిచినాను. రాలేదు. మళ్ళా పోయి పిలిచినాను. వచ్చింది. మన గింజలూ వాళ్ళ గింజలూ ఒకే చేటలో పోసి కలిపినాము. ఎవరివేవో మాకే తెలియకూడదని కలిపినాము. తర్వాత మట్టి మూకుళ్ళలో పంచి, ఒక్కో మూకుట్లో ఒక్కో నీళ్ళు. ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో స్వామి జాడీలో వాన నీళ్ళు. గుమ్మఘట్టలో ట్యాంకరు నీళ్ళు ఖాసిం తెచ్చినాడు. దర్గా కాడ పాడుబావి అడుగున పచ్చగా కొన్ని నీళ్ళున్నాయి, అవీ పెట్టినాము. గంగక్క, "బోరు నీళ్ళు కాచి చల్లార్చి పొయ్యండి, కాచితే ఏ దోషమన్నా పోతాది" అని పట్టుబట్టింది. సరే అని అదొక మూకుడు. బసప్ప దోవన పోతా, "అక్కా, ఒకదాంట్లో కాఫీ గూడా పొయ్యండి, ఎండకు గింజలు అలిసిపోయింటాయి" అన్నాడు. పోనీలే, నవ్వుకోనీ అనుకున్నాను.

వాన నీళ్ళలో అన్నీ మొలిచినాయి. ట్యాంకరు నీళ్ళలో ఆలస్యంగా అయినా దాదాపు అన్నీ వచ్చినాయి. దర్గా బావివి మొలిచినాయి గానీ పాచికి కొన్ని కుళ్ళినాయి. బోరు నీళ్ళలో మొదటిమాదిరే, ఆడొకటి ఈడొకటి. కాచిన నీళ్ళలో ఒక్కటి గూడా రాలేదు. ఆ మూకుడు అంచున తెల్లగా ఉప్పు పేరింది. గంగక్క వేలితో గీరి నాలుక మీద పెట్టుకొని ఉమ్మేసింది. ఆమె కాయ అప్పటికే బసప్ప గానుగలో ఆడేసినారు.

చూడు బయ్యన్నా. మన మడిలో గింజకు బోరు నీళ్ళు పోసేదెవరు? మనది వాన చేను. వాన నీళ్ళకు మొలిచే గింజను ఉప్పు నీళ్ళలో కట్టి, చచ్చిందనుకున్నాము. ఊరంతా అనుకున్నాము. పోయిన ఏడు దాకా పాత బావి నీళ్ళతో కట్టినాము కాబట్టి తెలియలేదు.

నీ బోరు తప్పు లేదు. మనుషులు తాగి బతుకుతాండారు, గొడ్లు తాగి బతుకుతాండాయి. గింజ తాగలేదు. అంతే.

నువ్వు నమ్మవని తెలుసు. ఖాసిం అన్న కొడుకు షరీఫ్ సిమెంటుకు వాడీకి లారీ తోలుకొని వస్తాండాడు. అతని చేతికి కలిపిన గింజలు ఒక చిన్న మూట, రెండు సీసాలు ఇచ్చినాను. నల్లదారం కట్టింది బోరు నీళ్ళు. తెల్లదారం కట్టింది వాన నీళ్ళు. నన్ను నమ్మొద్దు. ఖాసింను నమ్మొద్దు. నీ చేతులతో కట్టి గింజనే అడుగు.

అది చెప్పినాక ఖాసింకు ఏం రాయాలనో నీకు తెలుస్తాది. కార్డు రాయి.

అక్క


వాడి,
4-7-2001

అక్కా,

షరీఫ్ వచ్చినాడు. చాలా పెద్దోడయినాడు, గడ్డం గూడా పెట్టినాడు. నేను గుర్తుపట్టక "ఎవరప్పా నువ్వు?" అన్నా. "కాయలు దొంగిలించినోని అన్న కొడుకును" అన్నాడు. సీసాలు గడప మీద పెట్టి, నీళ్ళు గూడా తాగకుండా పోయినాడు. హేమ వెనకాలే లారీ దాకా పోయి టీ ఇచ్చింది. తాగలేదంట.

ఆ రోజంతా సీసాల మొకం చూడలేదు. మరునాడు హేమే కట్టింది. పిల్లల పాత బనీను చించి రెండు ముక్కలు చేసి, దారాలు మారకుండా కిటికీలో పెట్టింది. అంగట్లో కాయలు కాస్తాయనుకునే మనిషి, పొద్దున లేచీ లేవకముందే పోయి చూసేది. చివరికి ఆమే నా చేతికి తెచ్చి ఇచ్చింది, రెండు గుడ్డలూ విప్పకుండా. "నువ్వే విప్పు" అనింది.

విప్పినా. తెల్లదారం గుడ్డలో తోకలు పొడిచినాయి అక్కా. నల్లదారం గుడ్డ వాసన నువ్వు రాసినట్టే ఉండాది.

నా బోరు ఇట్ల చేస్తాదనుకోలేదు. పట్టాల వెంబడి నడుస్తాంటే ఇంక దాన్ని తలుచుకోబుద్ధి కావడంలేదు. నువ్వు తప్పు లేదన్నావు. ఆ మాటనే పట్టుకొని ఉండా.

ఖాసిమన్నకు రాసినా. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని పీర్ల గుండం చూపించింది గూడా రాసినా. తప్పయిందని రాసినా. కాళ్ళకు మొక్కుతానని రాసినా. కార్డు రాయమన్నావు గానీ, అన్ని మాటలు కార్డులో పట్టలేదు. కవరులో పెట్టి గట్టిగా అంటించి పంపినా. ఎర్రన్న కంట పడకుండా ఉంటాదిలే.

వాన పడిందా?

బయ్యన్న


ఎర్రగుట్ట,
17-7-2001

బయ్యన్నా,

వాన పడింది. ఆరుద్ర కార్తెలో కాదు, పునర్వసులో పడింది. స్వామి ఆలస్యం చేసినా మరిచిపోలేదు. పదును బాగా దిగింది. విత్తినాము. మన కాయ మొలిచింది. సాళ్ళు నిండుగా కనబడుతాండాయి. పొద్దున పోయి గట్టు మీద కూచుని కొంచెంసేపు నామం చెప్పుకొని వస్తాను.

గంగక్కకు మన దాంట్లోంచి కొంచెం విత్తనం ఇచ్చినాను. ఆమె మడి గూడా మొలిచింది. బసప్ప మిల్లుకు అమ్ముకున్నోళ్ళు ఆఫీసు విత్తనానికి వరుసలో నిలబడినారు. అందరికీ అందలేదు.

నీ కవరు ఖాసింకు అందింది. చదివినాడు. షాజాదీకి గూడా చదివి చెప్పినాడు. ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం మడిచి జేబులో పెట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు.

"అక్కా, నీ తమ్ముడు తిట్టింది కార్డులో. తప్పయిందన్నది కవరులో. తిట్టు ఊరికి, తప్పు నాకు ఒక్కనికి. ఇదేం పంపకం?"

"వాడు సిగ్గుపడినాడు ఖాసిం."

"నేను గూడా సిగ్గుపడితిని కదా. నాది అందరి ముందర. వానిది అంటించిన కవరులో."

అటక మీద మిగిలిన తన మూటలు దించుకొని బండికి ఎత్తుకున్నాడు. "ఈ పంటనుంచి ఎవరి విత్తనం వాళ్ళింట్లోనే అక్కా. నీ మీద కోపం లేదు. మా నాయన పెట్టిన కట్టు నేను తెంచినాననుకో." నేను సరే అనలేదు. వాదించే సమయం గూడా కాదు.

మనం విత్తే రోజు ఎద్దులనూ గొర్రునూ పంపినాడు. తాను రాలేదు.

నీ మనసు బాగలేదని తెలుసు. ఈ ఏడు కాయ చేతికి రానీ. తర్వాత చూస్తాము.

అక్క


వాడి,
12-9-2001

అక్కా,

నీ జాబు చదివి చాలాదినాలు ఏమి రాయాలో తెలియలేదు. కార్డు రాయమని నువ్వు ఎందుకన్నావో అప్పుడు అర్థం చేసుకోలేదు. ఇప్పుడు కార్డు రాస్తే, కవరుతో చేసిన తప్పుకు అతుకు వేసినట్టే ఉంటాది. ఖాసిమన్న ఇంకా నవ్వుతాడు.

ఒక ఉపాయం చేసినా. పెద్ద రేకు డ్రమ్ము, మూతకు గొళ్ళెం, తాళంతో సహా కొని గుంతకల్లు పోయే పార్సిల్లో వేసినా. ఎలుక దూరదు, చెద పట్టదు. ఇంక ఎవరింటి అటకా అక్కరలేదు, ఎవరితో మాటా అక్కరలేదు. కాలం మారింది కదా అక్కా. నీ విత్తనం నీ ఇంట్లో, తాళంచెవి నీ కొంగున. నాకు గూడా నిశ్చింత.

దసరాకు వద్దామనుకున్నా. లీవు ఇయ్యలేదు. అడగను గూడా లేదు, నిజం చెప్పాలంటే. ఊర్లో ఏ మొకం పెట్టుకొని దిగేది?

వానలు ఎట్లుండాయి? ఈడ పేపర్లో మన జిల్లా పేరు చూస్తే పేజీ తిప్పేస్తాండా.

బయ్యన్న


ఎర్రగుట్ట,
26-11-2001

బయ్యన్నా,

కార్తీకం చల్లగా నడుస్తాంది. నిన్నూ హేమనూ తలుచుకొని దీపం పెట్టినాను.

పునర్వసు వానకు మొలిచిన చేను మఖలో మాడింది. కాయ కట్టేదానికి ఊడలు దిగే సమయానికి చినుకు లేదు. పీకితే చెట్టుకు నాలుగు కాయలు, అవీ సగం తాలు. ఏరి ఏరి, గట్టికాయలన్నీ విత్తనానికి తీసి పెట్టినాను. తినేదానికి జొన్నలు కొంచెం ఉండాయి. చైత్రం దాకా రావు.

నీ డ్రమ్ము చేరింది. గట్టిది. దాంట్లో బోరు నీళ్ళు పోసి గొడ్లకు పెడతాండాను. విత్తనం మాత్రం దాంట్లో పెట్టలేదు. తాళం ఎలుకలను ఆపుతాది. తాళంచెవి నా కొంగున ఉంటే నన్ను ఎవరు ఆపుతారు? పోయిన నెల రెండుసార్లు విత్తనం మూట విప్పబోయినాను బయ్యన్నా. ఒక దినం గుప్పెడు పొయ్యి కాడిదాకా తెచ్చి మళ్ళా పోసినాను. కాలం మారిందంటావు. ఆకలి మారలేదు. నాయనా, ఖాసిం వాళ్ళ నాయనా ఒకరినొకరు నమ్మి ఆ కట్టు పెట్టలేదు. ఎవరికి వాళ్ళు తమను తాము నమ్మలేక పెట్టుకున్నారు.

మొన్న శనివారం మూటలు బండికెత్తించి ఖాసిం వాకిట్లోకి తీసుకుపోయినాను. వాళ్ళకు రంజాన్ ఉపవాసాలు. నాకు ఒక్కపొద్దు. ఆయన గొడ్లచావిడి కాడ ఉన్నాడు.

"ఏందక్కా ఇది?"

"విత్తనం. అటక మీద పెట్టు."

"ఎవరిది వాళ్ళింట్లోనే అని చెప్పినా కదా."

"నువ్వు చెప్పినావు. నేను సరే అనలేదు."

"నేను తినేస్తే?"

"తిను. వచ్చే ఏడు మళ్ళా తెచ్చి పెడతాను."

"నీ తమ్ముడు అన్నట్టు బసప్పకు అమ్ముకుంటే?"

"అమ్ముకో. ఆ వచ్చే ఏడు గూడా తెస్తాను. నాకు ఇంకో అటక తెలియదు."

ఆయన లోపలికి పోయినాడు. నేను మూటల కాడనే బండ మీద కూచున్నాను. జపమాల తెచ్చుకున్నాను కాబట్టి పొద్దు తెలియలేదు. ఎండ వచ్చింది, పోయింది. దోవన పోయేవాళ్ళు నిలబడి చూసినారు. చూడనిచ్చినాను. గంగక్క వచ్చి, "లే అక్కా, వాళ్ళకు వద్దంటే ఎందుకు బతిమాలుతావు?" అనింది. బతిమాలడంలేదని చెప్పినాను.

పొద్దు కుంకినాక నమాజు బాంగు వినబడింది. షాజాదీ ఒక తట్టలో అరటిపండూ ఖర్జూరమూ తెచ్చి నా ముందర పెట్టింది. "నువ్వు ఒక్కపొద్దు ఇడిస్తే గానీ నేను ఇడవను" అనింది. చెయ్యి కడుక్కొని తిన్నాను. ఆమె గూడా నా పక్కన కూచుని తినింది.

అప్పుడు ఖాసిం బయటికి వచ్చినాడు. ఒక మూట భుజానికి ఎత్తుకొని నిచ్చెన ఎక్కినాడు. దిగి, ఇంకోటి ఎత్తుకున్నాడు.

మన విత్తనం వాళ్ళింట్లో ఉండాది. వాళ్ళది ఇంకా మన ఇంటికి రాలేదు. నేను అడగలేదు. అది నేను అడిగేది కాదు.

నువ్వు రావాల. లీవు అడుగు. మాపటి బస్సుకు రావొద్దు, పగలు రా. దిగినాక మొదట మన ఇంటికి రావొద్దు. వాళ్ళ వాకిట్లో నిలబడి, నలుగురికీ వినబడేటట్టు మీ మూట ఇయ్యన్నా అని అడుగు. ఇస్తే భుజాన వేసుకొని బోరు కాడనుంచి నడిచి రా. అప్పుడు ఆడ ఆడోళ్ళు నీళ్ళు పట్టుకుంటా ఉంటారు. ఇయ్యకపోతే ఒట్టి చేతులతో అదే దోవన రా.

ఎట్లా వచ్చినా వాకిలి తీసి ఉంటాది.

అక్క
సుబ్బలక్ష్మమ్మ